బుధవారం బస్సులో పదహారు సీట్లు

కోవెంట్రీ
1988 మార్చి 6, ఆదివారం

ఏవిస్ వదినా,

నీ ఉత్తరం అందింది. అందులో సగం మన కోళ్ళ గురించే ఉంది. వాటిని అడిగానని చెప్పు. మిగతా సగం నా తుంటి గురించి. తుంటి బ్రహ్మాండంగా ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను అటూ ఇటూ నడిపించి చూసి, "మిసెస్ గాంబుల్, ఈ కొత్త కీలు మీకంటే ఎక్కువ కాలం ఉంటుంది" అన్నాడు. అది మెచ్చుకోలో మరేమిటో నాకు అర్థం కాలేదు. చేతికర్ర పట్టుకుని వీధి చివర దాకా వెళ్ళి వస్తున్నాను.

మరి బాగుంటే ఇంటికి రాక అక్కడేం చేస్తున్నావని నువ్వు అడగవు. నీకు మర్యాద ఎక్కువ. కానీ మనసులో అనుకుంటావు, అందుకే చెప్తున్నాను. మా డెస్మండ్ వదలడం లేదు. మొన్న భోజనాల బల్ల మీద తళతళలాడే పుస్తకం ఒకటి పెట్టాడు. ముసలివాళ్ళ కోసం కట్టిన ఫ్లాట్లట. లిఫ్టు ఉంది. గోడ మీద ఎర్ర తాడు లాగితే మనిషి పరుగెత్తుకొస్తాడట. మంగళవారం జుట్టు కత్తిరించేవాళ్ళు, గురువారం కాలిగోళ్ళు తీసేవాళ్ళు వస్తారట. ఎర్ర తాడు, గోళ్ళ మనిషి తప్ప మనకేం తక్కువ అన్నాను.

"మీ ఊళ్ళో ఏమున్నాయమ్మా అసలు?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయిరా."

"అన్నీ అంటే? అత్తయ్యని రాసి పంపమను."

ఇన్సూరెన్సు ఆఫీసు బుద్ధి. కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు వాడికి. చివరికి ఒక షరతు పెట్టాడు. నేనూ కారు నడపను, నువ్వూ నడపవు. ఆస్పత్రికైనా బజారుకైనా మనకు దిక్కు ఆ బుధవారం బస్సే. అది తిరుగుతున్నంత కాలం నన్ను ఆపడట. అది లేకపోతే మాత్రం ఫ్లాటేనట. మే మూడో తారీఖున కాగితాల మీద సంతకం చేయాలి. ఈలోగా తేల్చమన్నాడు.

బస్సుకేం, నేను పుట్టినప్పటి నుంచీ తిరుగుతోంది. నువ్వు ఊరి వసతుల జాబితా మాత్రం రాసి పంపు. అబద్ధాలు వద్దు. అలాగని నిజం కూడా మరీ ఎక్కువ వద్దు.

మా కోడలు గ్లెనిస్ ఉడికించిన క్యాబేజీ తిని బతుకుతున్న
నీ మరదలు ఈనిడ్


నెదర్ బ్రిండిల్
మార్చి 10, గురువారం

మరదలు పిల్లా,

నీకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా నాకు పిల్లవే. మీ అన్నయ్య వాల్టర్ నన్ను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి తెచ్చిన రోజున నువ్వు గుమ్మంలో అడ్డంగా నిలబడి నా టోపీ బాగాలేదన్నావు. నేను మరిచిపోలేదు.

డెస్మండ్ కోసం జాబితా ఇదిగో. మిసెస్ క్రబ్ కొట్టు ఉంది. అందులోనే పోస్టాఫీసు. పందిమాంసం కోసిన చేత్తోనే స్టాంపులు చింపి ఇస్తుంది కాబట్టి మన ఊరి ఉత్తరాలు ఎక్కడికి వెళ్ళినా కుక్కలకు ఇష్టం. ఇది రాయకు. టెలిఫోను పెట్టె ఉంది. తలుపు లోపలికి తోస్తే వస్తుంది, బయటికి రావాలంటే ఎవరో ఒకరు లాగాలి, కాబట్టి ఒంటరిగా ఉన్నామన్న బాధ లేదు. డాక్టరు సోమవారాలు 'నాగలి' పబ్బు వెనక గదిలో కూర్చుంటాడు. అక్కడ వరసలో నిలబడితే ఎవరికీ విసుగు రాదు, కొందరికైతే వంతు వచ్చేసరికి జబ్బు కూడా గుర్తుండదు. ఊరి హాలు ఉంది. పైకప్పు కారే మూడు చోట్లా మూడు బకెట్లు ఉన్నాయి. అక్కడే బ్యాడ్మింటన్ ఆడతారు. షటిల్ బకెట్లో పడితే మళ్ళీ వేయాలి. పుస్తకాల బండి పదిహేను రోజులకోసారి వస్తుంది, మనకు ఏ పుస్తకం ఇవ్వాలో డ్రైవరే నిర్ణయిస్తాడు. నాకు ఈసారి మోటారు ఇంజన్ల గురించి ఇచ్చాడు. కాదనడం బాగుండదని తెచ్చుకుని చదువుతున్నాను.

ఇక బస్సు. కూర్చుని చదువు, ఈనిడ్. బస్సు ఆపేస్తారట. కౌన్సిల్ వాళ్ళు ముప్ఫయ్యో తారీఖు బుధవారం ఒక మనిషిని పంపి ఎక్కేవాళ్ళను లెక్కపెడతారట. ఎనిమిది మంది కంటే తక్కువైతే అంతే సంగతులు. తారీఖు రహస్యం. డ్రైవరు లెన్ ఆ రహస్యాన్ని ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు.

నువ్వేం కంగారు పడకు. మేజర్ ఫాన్‌షా హాల్లో సభ పెట్టించాడు. నీ సంగతి నేనే లేచి చెప్పాను. బస్సు లేకపోతే మన ఈనిడ్ ఇక రాదు అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను. వెంటనే, ఆ రోజు బస్సు ఎక్కుతామని రాసి కాగితం తిప్పారు. ఊళ్ళో ఉన్నదే అరవై ముగ్గురు, నలభై ఒక్కమంది సంతకం పెట్టారు! ఎనిమిది కాదు, అయిదు రెట్లు!

ఇక్కడ నాకు క్షణం తీరిక లేదు. నీ మంచం కింది గదిలోకి దించాం. నీ బీరువా మిసెస్ క్రబ్ వాళ్ళ కొట్టాంలో పెట్టించాను. మేజర్ రోజూ సాయంత్రం వస్తున్నాడు. పాపం ఎంత పని చేస్తాడో.

కోళ్ళ తరఫున కూడా,
నీ ఏవిస్ వదిన


కోవెంట్రీ
మార్చి 16, బుధవారం

వదినా,

నలభై ఒక్కమంది సంగతి చదివి ఈ ఇంట్లో ఎవరూ లేనప్పుడు కాస్త ఏడ్చాను. వాళ్ళందరికీ చెప్పు. ఏడ్చానని కాదు, థాంక్స్ అని.

జాబితా డెస్మండ్‌కి చదివి వినిపించాను. పబ్బు వెనక గదిలో డాక్టరు అన్న ముక్క విని నోరు తెరిచాడు. గ్లెనిస్ మాత్రం, "అత్తయ్యగారూ, మీరు వెళ్తే బాగుంటుంది, మీ ఊరు మీ ఊరే గదా" అంది. ఆ పిల్ల ఎప్పుడూ నా మేలే కోరుతుంది.

సరే, నీ ఉత్తరంలో చివర్లో రాసిన మూడు ముక్కలు నేను ఒకటికి నాలుగుసార్లు చదువుకున్నాను. నా మంచం కిందికి ఎందుకు దిగింది? నా బీరువా ఇంకొకరి కొట్టాంలో ఎందుకుంది? మేజర్ రోజూ సాయంత్రం ఎందుకొస్తున్నాడు? భార్య పోయి నాలుగేళ్ళయిన మనిషి. మీసాలు బాగుంటాయి, కాదనను.

నా గది అవసరం పడితే చెప్పు వదినా, నాకు కష్టంగా ఉండదు. పుట్టింది ఆ ఇంట్లోనే అయినా ఇల్లు అన్నయ్యది, అన్నయ్య తరవాత నీది. మా ఆయన పోయాక నువ్వు రమ్మన్నావు కాబట్టి పదకొండేళ్ళు ఉన్నాను. ఇక్కడి ఫ్లాటు కూడా ఏం తీసిపారేసేట్టు లేదు. మొన్న చూసి వచ్చాం. కిటికీలోంచి కార్లు నిలిపే చోటు కనిపిస్తుంది. విశాలంగా ఉంది.

అడ్డు రాకూడదనుకునే
ఈనిడ్


నెదర్ బ్రిండిల్
మార్చి 31, గురువారం

ఈనిడ్,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నిన్న లెక్క జరిగింది. బస్సు ఎక్కినవాళ్ళు ఎంతమందో చెప్పనా? సున్నా.

ఎలా జరిగిందంటావేమో, విను. నలభై ఒక్కమంది సంతకం పెట్టారు కదా, బస్సులో ఉన్నవి పదహారు సీట్లు. పొద్దున్నే టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. నేను ఎక్కితే ఇంకొకరికి సీటు ఉండదే అనిపించింది. పాదిరి గారి చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ ముందు కూర్చోవాలి కదా అనుకున్నాను. అందరికంటే ముందు ఎగబడి ఎక్కితే బాగుంటుందా? ఎలాగూ నిండిపోతుంది, నేను లేకపోయినా లోటేముంది? టోపీ తీసేసి కర్టెన్ పక్కనుంచి చూస్తూ నిలబడ్డాను.

మిసెస్ క్రబ్ నా కోసం సీటు వదిలింది. పాదిరి గారి చెల్లెలు మిసెస్ క్రబ్ కోసం వదిలింది. పబ్బు యజమాని ఓల్డ్రాయిడ్ ముసలివాళ్ళ కోసం, ముసలివాళ్ళు బజారు పనులున్న పడుచువాళ్ళ కోసం వదిలారు. నాయకుడు చివర ఎక్కాలని మేజర్ తన గుమ్మం వెనక నిలబడి, అందరూ ఎక్కేదాకా ఎదురుచూశాడు. అలా ఊరు ఊరంతా కర్టెన్ల వెనక నిలబడి, మిగతావాళ్ళంతా బస్సుకు అవతలి వైపు నుంచి ఎక్కుతున్నారని అనుకుంది.

లెన్ రెండుసార్లు హారన్ కొట్టాడు. క్లిప్‌బోర్డు పట్టుకున్న మనిషి దిగి, పచ్చిక మైదానం చుట్టూ ఒకసారి చూసి, ఏదో రాసుకుని మళ్ళీ ఎక్కాడు. బస్సు ఖాళీగా వెళ్ళిపోయింది.

అందరికంటే ఆ బస్సు ఎక్కాల్సిన మనిషిని నేను. సభలో లేచి మాట్లాడింది నేను. నా సిగ్గు నీకు ఎలా చెప్పను? ఊళ్ళో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూడడం లేదు. మిసెస్ క్రబ్ నాకు ఊరికే పావు కిలో మాంసం ఇచ్చి "సారీ" అంది. నేనూ "సారీ" అని తీసుకున్నాను.

నువ్వు మంచం గురించి అడిగావు. మేజర్ దాని మీద కూర్చుని చూశాడు. గట్టిగానే ఉందన్నాడు. అంతకంటే నేను చెప్పదలచుకోలేదు. నా మీద నీకున్న అభిప్రాయం ఏమిటో నీ ఉత్తరంలో తెలిసింది. ఆ ఫ్లాటు నీకు నచ్చితే సంతోషం. లిఫ్టు ఉన్న చోట హాయిగా ఉంటావు. నేను కాదని ఎలా అంటాను? నీ ఇష్టం.

తల దించుకుని,
ఏవిస్


కోవెంట్రీ
ఏప్రిల్ 5, మంగళవారం

వదినా,

కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఊరంతా కర్టెన్ల వెనక! కుట్టిన చోట నొప్పి పుట్టేదాకా నవ్వాను. గ్లెనిస్ పరుగెత్తుకొచ్చి నాకు ఫిట్స్ వచ్చాయనుకుని చెంచా తెచ్చింది. నేను అక్కడున్నా అదే చేసేదాన్ని. నీ కోసం సీటు వదిలి, మన రెండో కర్టెన్ వెనక నిలబడేదాన్ని. నీ తప్పేం లేదు.

నవ్వు అయిపోయాక నీ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను.

డెస్మండ్‌కి చెప్పాను. వాడు మంచివాడే, "అయ్యో అమ్మా" అన్నాడు. ఫ్లాటు వాళ్ళకు ఫోను చేశాడు. మే మూడున సంతకం. ఎర్ర తాడు ఎలా లాగాలో ఒక అమ్మాయి వచ్చి చూపిస్తుందట. తాడు లాగడం నాకు రాదనుకున్నారు కాబోలు.

మంచం గట్టిగానే ఉందని మేజర్ అన్నాడంటే సరే. నేను ఆశ్చర్యపోవడం లేదు. మీ ఇద్దరూ సుఖంగా ఉండండి. పై గదిలో నీలం టీ కుండ ఉంది చూడు, అమ్మది, అది నా తరఫున నీ పెళ్ళి కానుకగా ఉంచుకో. నా బీరువాలో బట్టలు మాత్రం ఎప్పుడైనా ఎవరైనా కారులో ఇటు వస్తుంటే పంపు. అంత తొందరేం లేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకు.

నన్ను గురించి దిగులు పడకు. నేను ఎక్కడైనా సర్దుకుపోతాను.

ఈనిడ్


నెదర్ బ్రిండిల్
ఏప్రిల్ 8, శుక్రవారం

ఓసి పిచ్చి మొహమా,

పెళ్ళా? మేజర్‌తోనా? ఆయన సూపు తాగితే పక్క వీధికి వినిపిస్తుంది! డెబ్భై రెండేళ్ళ వయసులో నాకెందుకే ఆ చప్పుడు?

విను, చెవులు రిక్కించి విను. కొత్త తుంటి వేసినవాళ్ళు మెట్లు ఎక్కకూడదని, తక్కువ ఎత్తు మంచం మీద కూర్చోకూడదని ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితం నువ్వే కదా క్రిస్మస్‌కి ముందు నాకు పంపావు. అందుకే నీ మంచం కిందికి దించాను. ఆ మంచం కోళ్ళ కింద నాలుగేసి అంగుళాల చెక్కలు బిగించడానికి మేజర్ వచ్చాడు. ఆయన వడ్రంగి పనిలో చేయి తిరిగినవాడు, కానీ మహా నిదానం. ఒక్కొక్క కోడుకీ మూడేసి సాయంత్రాలు పట్టింది. నీ బరువూ ఆయన బరువూ ఒకటే అని నేనే కూర్చుని చూడమన్నాను. కింది గదిలో నీ బీరువా పట్టలేదు, మిసెస్ క్రబ్ వాళ్ళు సరేనని తమ కొట్టాంలో ఉంచారు. నువ్వు గుమ్మంలోకి రాగానే చూపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామని దాచాను. నువ్వు అలాంటి మాటలు రాసేసరికి రోషం వచ్చి చెప్పలేదు. తప్పు నాదే. సగం నాది. ముప్పావు నీది.

ఇంకో సంగతి. బస్సు పూర్తిగా పోలేదు. ఒక్కసారి లెక్కతో ఆపకూడదు, రెండుసార్లు చూడాలని కౌన్సిల్ రూలేనట. మేజర్ ఉత్తరం రాసి తేల్చాడు. ఏప్రిల్ ఇరవై ఏడున మళ్ళీ వస్తారు.

ఈసారి మేజర్ మాకు మొరటుతనం నేర్పిస్తున్నాడు. హాల్లో కుర్చీలు రెండేసి చొప్పున బస్సులో లాగా వేశాడు. ఈల వేయగానే ముప్ఫై మందిమీ తోసుకుని కూర్చోవాలి. మొదటి రోజు పదహారు కుర్చీల దగ్గర ముప్ఫై మందిమీ నిలబడి "మీరు కూర్చోండి", "అబ్బే, మీరు" అనుకుంటూనే ఉన్నాం. "సారీ అన్నవాళ్ళు వరస చివరికి!" అని అరిచాడు మేజర్. అందరూ సంతోషంగా చివరికి వెళ్ళి నిలబడ్డారు. పాదిరి గారైతే "థాంక్యూ" అని కూడా అన్నాడు. ఇప్పుడు కాస్త మెరుగు. నిన్న మిసెస్ క్రబ్ నన్ను మోచేత్తో పొడిచి కుర్చీ లాక్కుంది. మొహం ఎర్రబడింది కానీ లేవలేదు. హాలంతా చప్పట్లు కొట్టారు.

నేర్చుకున్న ఆ మొరటుతనం ముందు నీ మీదే ప్రయోగిస్తున్నాను. 'నీ ఇష్టం' అని రాశానే, అది వట్టి మర్యాద. నీ ఇష్టం కాదు, నా ఇష్టం. బస్సు ఉన్నా, పోయినా, ఆ ఫ్లాటుకి బంగారు లిఫ్టు ఉన్నా సరే. నాకు నువ్వు కావాలి. వచ్చెయ్.

నీ వదిన


కోవెంట్రీ, నీ గదిలో
ఏప్రిల్ 28, గురువారం

ఈనిడ్,

చిరునామా చూసి నవ్వకు. నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఇది మరీ మెత్తగా ఉంది. ఇన్నాళ్ళూ ఎలా పడుకున్నావు?

ఇరవై ఏడున వస్తున్నానని ముందే ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? నువ్వూ ఆశ్చర్యపరుద్దామనుకున్నావా? లెక్క కోసం పొద్దున బజారుకి వెళ్ళాం కదా, అక్కడ మార్కెట్ హార్లీలో మన ఊరికి తిరిగొచ్చే పన్నెండున్నర బస్సు కదలబోతోంది. పదహారు మందిమీ కూర్చుని ఉన్నాం, ఎవరు వచ్చినా కిటికీలోంచి బయటికి చూడమని మేజర్ ఆజ్ఞ. అందరమూ చూస్తున్నాం కూడా. ఇంతలో పెట్టె ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని నువ్వు! మూడు వారాల చదువు గాలికి పోయింది. పదహారు మందిమీ ఒక్కసారిగా లేచాం. "కూర్చోండి! ఎవరూ లేవకూడదు!" అని మేజర్ అరుస్తున్నాడు, ఆయనా నిలబడే ఉన్నాడు. లెన్ ఏమో, "నిలబడితే కుదరదండీ, లెక్క మనిషి నా పక్కనే ఉన్నాడు. ఒకరు దిగితేనే ఒకరు ఎక్కాలి" అన్నాడు. ఇక మొదలు. "నేను దిగుతా", "అబ్బే, నేను దిగుతా", "మీరెందుకండీ శ్రమ". సాయంత్రం దాకా తేలేది కాదది. నేను మేజర్‌ని డొక్కలో పొడిచి, మిసెస్ క్రబ్ బుట్ట తన్నేసి ముందు దిగాను. "ఎక్కు" అన్నాను. "నువ్వో?" అన్నావు. నాలుగు నెలల తరవాత మనం మాట్లాడుకున్నది ఆ రెండు మాటలే. బస్సు వెళ్ళిపోయింది. నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏడుస్తున్నావు. నేనూ ఏడ్చాను, బజారు మధ్యలో, గుడ్ల దుకాణం ముందు.

లెన్ తన సొంత కారులో మళ్ళీ వచ్చి తీసుకెళ్తానని అరిచాడు. ఎందుకయ్యా శ్రమ, వద్దన్నాను. అనేశాక గుర్తొచ్చింది, మళ్ళీ బస్సు వచ్చే బుధవారమే.

స్టేషను ఎదురుగానే ఉంది. నువ్వు డెస్మండ్‌కి చీటీ రాసిపెట్టి పారిపోయి వచ్చావని నీ వెనక నిలబడ్డ గ్లెనిస్ చెప్పింది. నిన్ను బస్సు దాకా దింపడానికి ఆ పిల్ల రైల్లో అంత దూరం వచ్చింది చూడు, ఎంత ప్రేమ! చీటీతో సరిపెట్టడం బాగుండదు, ఈనిడ్ ఇక ఫ్లాటుకి రాదని వాడి మొహం మీద చెప్పేయాలనుకున్నాను. గ్లెనిస్‌తో కలిసి రైలెక్కాను. దారి పొడుగునా ఆ పిల్ల ఎందుకో మాట్లాడలేదు.

డెస్మండ్ తలుపు తీశాడు. "అత్తయ్యా! రండి రండి" అన్నాడు. టీ ఇచ్చాడు, కేకు ఇచ్చాడు. అంత మర్యాదగా చూసేవాడి మీద ఎలా విరుచుకుపడను? రేపు చెప్దామనుకున్నాను. ఈరోజు పొద్దున ఆ తళతళలాడే పుస్తకం నా ముందు పెట్టాడు. అమ్మ ఎలాగూ వెళ్ళిపోయింది, ఫ్లాటు ఖాళీగా ఉండిపోతుంది, మీకూ వయసొచ్చింది కదా అత్తయ్యా, మంగళవారం ఒకసారి వచ్చి చూడండి, కాగితాలు కూడా సిద్ధంగా ఉన్నాయి అన్నాడు. నన్ను గురించి ఎంత ఆలోచించాడో పాపం. కాదంటే నొచ్చుకుంటాడేమోనని, చూద్దాంలే నాయనా అన్నాను.

ఏం చెయ్యమంటావు?

క్యాబేజీ తింటున్న
ఏవిస్ వదిన


నెదర్ బ్రిండిల్
ఏప్రిల్ 29, శుక్రవారం, పొద్దున్న తొమ్మిదిన్నర

వదినా,

పోస్టు ఇప్పుడే వచ్చింది. పది గంటల సంచిలో పడేలా రాస్తున్నాను. మిసెస్ క్రబ్ సంచి మూతి పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

ముందు అసలు సంగతి. దేని మీదా సంతకం పెట్టకు! కాగితం చూపిస్తే కళ్ళజోడు ఊళ్ళో మరిచానని చెప్పు. పెన్ను ఇస్తే చెయ్యి నొప్పని చెప్పు. 'చూద్దాంలే నాయనా' అంటే మా వాడి ఆఫీసులో 'సరే' అని అర్థం. నువ్వు మర్యాద చంపుకోలేక ఆ ఫ్లాట్లో దిగిపోతావు, ఎర్ర తాడు లాగి ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని కూర్చుంటావు. నిన్ను నేనెరగనా?

బస్సు నిలబడింది. ఈ ఏడాదంతా తిరుగుతుంది. వెళ్ళేటప్పుడు పదహారు, వచ్చేటప్పుడు పదహారు అని రాసుకున్నాడు ఆ లెక్క మనిషి. మన పచ్చిక దగ్గర దిగి, తన పదిహేనేళ్ళ ఉద్యోగంలో దిగడానికి కొట్టుకున్న ప్రయాణికులను ఇప్పుడే చూశానన్నాడట. మేజర్ ఇంకా డొక్క పట్టుకుని తిరుగుతున్నాడు. చాలా గర్వంగా ఉన్నాడు. తన శిష్యుల్లో నువ్వే నంబర్ వన్ అట.

మంచం చూశాను వదినా. నాలుగు కోళ్ళూ తడిమి చూశాను. ఒకటి కొంచెం పొట్టిగా ఉంది, కూర్చుంటే ఊగుతుంది. దాన్ని పట్టుకుని నిన్ను ఎన్నెన్ని మాటలన్నానో తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

నువ్వు వంటింటి కిటికీ మంచులో కూడా తెరిచి పెడతావు కదా, పదకొండేళ్ళు నేను దాని కోసం నీతో పోట్లాడాను. నిన్న హాయిగా మూసుకున్నాను. గంట కూడా కూర్చోలేకపోయాను. మూసుకో అనేవాళ్ళూ లేరు, తెరువు అనేవాళ్ళూ లేరు. లేచి నేనే తెరిచాను. చలికి వణుకుతూ టీ తాగాను. నేను ఏడ్చి, అలిగి, పారిపోయి వచ్చింది ఈ ఇంటికోసం అనుకున్నాను. నువ్వు లేకుండా దీన్ని ఏం చేసుకోను?

బుధవారం పొద్దున మొదటి రైలుకి మార్కెట్ హార్లీ వచ్చెయ్. బస్సు కదలడానికి గంట ముందే వెళ్ళి ముందు సీట్లో కూర్చో. ఎవరైనా వచ్చి నిలబడితే లేవకు. పాదిరి గారి చెల్లెలు వచ్చినా లేవకు. నేనే కర్ర ఊపుకుంటూ వచ్చి నీ ముందు నిలబడ్డా, కిటికీలోంచి బయటికి చూస్తూ గట్టిగా కూర్చో.

నీ మరదలు